వేలంలో పోయిన దొర రాళ్లు

కోత పండుగనాడు ఏసు గుడి వేలంలో గుమ్మడికాయలు పోతాయి, నాటుకోళ్లు పోతాయి, ఇద్దరు పంతానికి పడ్డారంటే కొబ్బరికాయ కూడా మేక ధర పలుకుతుంది. కానీ బద్వేలు దగ్గరి ఆ పల్లెలో ఈ ఏడాది రెజీనా పిహెచ్‌డీ కూడా వేలంలో పోయింది. పోయినప్పుడు ఆ పిల్ల ఊళ్లో లేదు, మద్రాసులో పాత కాగితాలు చూసుకుంటోంది.

ఆ కాగితాలు హాలోవే దొరవి. నూటయాభై ఏళ్ల కిందట ఆయన గుర్రమెక్కి ఈ కొండలన్నీ తిరిగి రాళ్లు ఏరాడు. ఒక్కో రాయి మీద తెల్లరంగు పూసి నల్లసిరాతో నంబరు వేశాడు. కాగితాలు మద్రాసు చేరాయి గానీ, రాళ్లు ఊళ్లోని మిషన్ బంగళాలోనే చెక్కపెట్టెలో ఉండిపోయాయి. ఏ రాతకు ఏ రాయో జతపరచడమే రెజీనా పరిశోధన. దానికొక ట్రస్టు ఫెలోషిప్పు ఇస్తోంది. వచ్చే సోమవారం గైడు యామిని మేడంతో ట్రస్టువాళ్లు వచ్చి రాళ్లను కళ్లారా చూస్తేనే ఫెలోషిప్పు సాగుతుంది. లేదంటే చదువు అంతటితో సరి.

బంగళా కారుతోందని పెట్టెను గుడి పక్కగదిలోకి చేర్చింది రెజీనాయే. పండుగ కానుకలు పోగేసేదీ ఆ గదిలోనే. ఆ గుళ్లోనే పాకి, నడిచి, పెద్దదైన పిల్లకు ఆ సంగతి తట్టలేదంటే చూడండి. దొర కాగితాల్లో పడి ఊరి సంగతి మరిచిపోయింది. మద్రాసు నుంచి వచ్చి చూస్తే పెట్టె ఖాళీ.

"గుడిలోకొచ్చిందంటే దేవునిదే కదా పాపా," అన్నాడు వేలం నడిపే సంఘపెద్ద దాసన్న, తల గోక్కుంటూ. "ఎవురో మొక్కుకొని పెట్టినారనుకున్యా. రాళ్లు ఎవురు పాడుకుంటారు? నేనే శానా కష్టపడి అమ్మినా."

ఆయన పడిన కష్టమంతా విని, ఏ రాయి ఎవరికి పోయిందో రెజీనా రాసుకుంది.

ఇల్లిల్లూ తిరిగింది. ప్రేమయ్య ఇంట్లో ఒక రాయి ఊరగాయ జాడీ మూతమీద బరువుకు కూర్చుంది. ఏసుకుమార్ ఇంట్లో ఇంకొకటి టీవీ పక్కన ప్లాస్టిక్ పూల మధ్య మెరుస్తోంది. ఇవ్వం అన్నవాళ్లు ఒక్కరూ లేరు, అలాగని చేతికిచ్చినవాళ్లూ లేరు. దేవుని వేలంలో పాడుకున్నదాన్ని ఊరికే గడప దాటించకూడదన్నారు. ఆ పట్టింపు రెజీనా ఇంట్లోనూ ఉంది కాబట్టి ఆమె ఎవర్నీ తప్పుపట్టలేకపోయింది. చివరికి పాస్టరు అయ్యగారే దారి చూపించారు. ఆదివారం రాళ్లను మళ్లీ కానుకగా పెట్టాలి, మళ్లీ వేలం వేయాలి, రెజీనా పాడుకోవాలి.

దారి బాగానే ఉంది. కానీ వేలంలో ఎవరి నోటికి ఎవరు అడ్డం? పైగా ఏడో నంబరు రాయి వరమ్మ దగ్గరుంది. మంగంపేట వైపు దొరికిన ముగ్గురాయి, అంటే బెరైటీస్ ఖనిజం అది, రెజీనా థీసిస్ మొదటి అధ్యాయమంతా దాని గురించే. దాన్ని వరమ్మ ఎండలో కాగనిచ్చి, గుడ్డలో చుట్టి, మోకాళ్లకు కాపడం పెట్టుకుంటోంది.

"తెస్తావా అవ్వా?" అని రెజీనా బతిమాలింది.

"ఆదివారం చూద్దాంలే పాపా," అంది వరమ్మ, మోకాలు నిమురుకుంటూ.

ఆ వారమంతా రెజీనాకు తిండి సయించలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక దాసన్న మొదటి రాయి పైకెత్తాడు. రెజీనా పది రూపాయలంది. దాసన్న ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. మొన్న ఒక కోడిపెట్ట కోసం ఒకరిమీద ఒకరు లేచిన మనుషులు, ఇప్పుడు పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నారు. అన్ని రాళ్లూ అలాగే వచ్చాయి. రెజీనాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆఖర్న వరమ్మ కుంటుకుంటూ వచ్చి, కొంగుముడి విప్పి ఏడో నంబరు రాయి బల్లమీద పెట్టింది.

"పది రూపాయలు," అంది రెజీనా.

"ఇరవై," అంది వరమ్మ.

గుడంతా ఆమెవైపు తిరిగింది. రెజీనా ముప్పై అంది. వరమ్మ నలభై అంది. రెజీనా బలమంతా కూడదీసుకుని యాభై అంది.

వరమ్మ తాపీగా చాపమీద కూర్చుంది. "ఆ, ఇప్పుడు మర్యాదగా ఉండాది. నా మోకాళ్లను లేపి నిలబెట్టిన రాయి పది రూపాయలకు పోతాదా యాడన్నా? ఇంక ఇచ్చేయప్పా."

దాసన్న మూడోసారి అనేలోపే గుడంతా నవ్వులు. రెజీనా రాయిని రెండు చేతులా పట్టుకుని, ఎన్నాళ్లకో గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

సోమవారం యామిని మేడం ఏడో నంబరు చేతిలోకి తీసుకుని, "నీలగిరి తైలం వాసన వస్తోందేమిటి?" అని అడిగింది. రెజీనా ఏదీ దాచకుండా జరిగిందంతా చెప్పేసింది. ట్రస్టువాళ్లు ఒక్కో నంబరూ కాగితాలతో సరిచూసుకుని, ఏదీ పోలేదు కాబట్టి ఫెలోషిప్పు సాగుతుందన్నారు. రాళ్లు ఊళ్లోనే అద్దాల బీరువాలో ఉంటాయన్నారు. కొండంత బరువు దిగిపోయింది రెజీనాకు.

బయట అరుగుమీద వరమ్మ కాచుకుని ఉంది. "తీసకపోతాండారా?"

"లేదవ్వా, ఈడనే ఉంటాయి."

"మేలు. చలికాలం మోకాలు పట్టేస్తే వచ్చి తీసకపోతా."

ఇకమీదట దాన్ని ముట్టుకోకూడదని చెప్పే బదులు రెజీనా చీకటి పడకముందే సగిలేటి ఒడ్డుకు పోయి, బాగా బరువున్న నున్నటి గుండ్రాయి ఒకటి వెతికి తెచ్చి అవ్వకిచ్చింది. వరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనిమీద కూడా నంబరెయ్ పాపా," అంది.