ఊరందరి నంబరు

గణపతిరావు పోయిన రోజు గెడ్డ నిండుగా పారుతోంది. రాజాం నుంచి వచ్చిన అంబులెన్సు అవతలి గట్టునే ఆగిపోయింది. నలుగురు ఆయన్ని మంచం మీద మోస్తూ నడుంలోతు నీళ్ళలో దిగారు. గట్టు చేరేసరికి ఆయనలో ప్రాణం లేదు.

ఆ గెడ్డ మీద కల్వర్టు కావాలని రెండు నెలల ముందు అర్జీ రాసింది ఆయనే. మీ ఊరికి ఏం కావాలో మీరే చెప్పండని గ్రామసభలో అడిగితే వీధిలైట్లు, కుళాయి, కల్వర్టు అన్నారు జనం. అర్జీలన్నిటి మీదా ఫోను నంబరు మాత్రం గణపతిరావుదే. "ఆఫీసోలు ఫోన్ సేస్తే నాకు మాట రాదు, నువ్వే మాటాడు" అని ఎవరికి వారు ఆయనదే రాయించారు.

ఆయన భార్య ఈశ్వరి అవతలి గట్టున బడిలో టీచరు. ఊరి పిల్లలు ఇరవైమంది ఆ గెడ్డ దాటే బడికి రావాలి. భర్త పోయాక కూడా ఆయన ఫోనుకి రోజూ ఛార్జింగు పెడుతూనే ఉంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పెద్దకర్మ అయిన మూడోనాడు అది మోగింది. గ్రామ సచివాలయం నుంచి, అక్కడి ఉద్యోగి యుగంధర్.

"అమ్మగారూ, సార్ ఫోనుకి ఓటీపీ వచ్చుంటాది, సెప్పండి. కల్వర్టు అర్జీ పని మీద."

ఆరంకెలు చదివి చెప్పింది. నిమిషం తిరక్కుండా మరో సందేశం వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది.

పిల్లల చేత వాక్యాలకు అర్థం చెప్పించే మనిషి దాన్ని నాలుగుసార్లు చదివింది.

పక్కింటి కాంతం తొంగిచూసింది. "ఏటి వదినా, కట్టీస్తారటా?"

"పరిష్కారమైపోయిందట."

మంచం మోసిన నలుగురిలో ఒకడైన అప్పలస్వామి వీధిలోంచే అందుకున్నాడు. "ఒసే కాంతం, గెడ్డకాడికెళ్ళి సూడు. కట్టీసి ఎలిపోనారేటో, మనమే సూసుకోనేదు!"

నవ్వాలో లేదో ఈశ్వరికి తెలియలేదు. చెప్పులేసుకుని సచివాలయానికి నడిచింది.

యుగంధర్ కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు. "నిధులొస్తే పరిశీలిస్తామని పైనుంచి జవాబు రాసీసేరమ్మా. జవాబొచ్చింది గాబట్టి మూసీమన్నారు. ఓటీపీ సెప్పారంటే మీకు సమ్మతమేనని."

"సమ్మతమని నేనెప్పుడన్నాను?"

"అంకెలు సెప్పారు కదమ్మా." అతను తల దించుకున్నాడు. "పోనీ, మళ్ళీ పెట్టండి. పాతదే సూసి రాసీండి. నంబరూ అదే ఇచ్చీండి."

పాత అర్జీ నకలు చేతిలో పెట్టాడు. భర్త దస్తూరీ. ఇంటికొచ్చి, తెల్లకాగితం మీద ఆయన మాటలే ఒక్కొక్కటిగా ఎక్కించింది. "వానాకాలంలో ఇక్కడ ప్రాణాపాయం జరగవచ్చును" అన్నచోట కలం ఆగింది. అది అలాగే ఉంచాలా? కొట్టేసి ఆయన పేరు రాయాలా? ఆయన అర్జీలో ఆయన చావు ఎలా రాస్తారో ఆమెకు అర్థం కాలేదు.

నిన్న కుళాయి అర్జీకి ఓటీపీ వచ్చింది. యుగంధర్ ఫోన్ చేసి అడిగినా ఆమె అంకెలు చెప్పలేదు.

గెడ్డ మీద కల్వర్టు లేదు. కొత్త అర్జీ ఆ వాక్యం దగ్గరే ఉంది.