కాయ సొన

చదివే పెద్దలకు నమస్కారం. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఈ రెండు పేజీలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటకు సవరయ్య కాపలాదారు. అరవై దాటిన మనిషి. తుపానుకు చెట్లు కూలిపోయి తోట మధ్యలో కొంత ఖాళీ మిగిలింది. ఒంటిపూట బడులు మొదలైతే చాలు, మధ్యాహ్నానికల్లా ఊరి పిల్లలు బ్యాట్లు పట్టుకుని అక్కడ చేరేవారు.

ఆట చూస్తుంటే సవరయ్యకు తన రోజులు గుర్తొచ్చేవి. కుర్రతనంలో అతనూ ఊరి జట్టులో ఉండేవాడు. ఊరవతలి పేట నుంచి వచ్చినవాడు కాబట్టి బ్యాటింగ్ ఆఖరున ఇచ్చేవారు. చాలాసార్లు అతని వంతు వచ్చేలోపే పొద్దు గుంకేది. చెట్లలో పడ్డ బంతి తెచ్చే పని మాత్రం మొదటినుంచీ అతనిదే. ఆ కడుపుమంటకు అతనొక మందు కనిపెట్టాడు. బంతి దొరికినా దొరకనట్టు కాసేపు తిరిగి, రెండు రసాలు కోసి లుంగీ మడతలో దోపుకుని వచ్చేవాడు.

అందుకే షీబా మీద అతనికి అనుమానం పుట్టింది. పన్నెండేళ్ల పిల్ల, అదే పేట. తల్లి రిబ్కమ్మ తోట షెడ్డులో కాయలు ఏరి గంపలకెత్తుతుంది. బంతి చెట్లలోకి పోతే మగపిల్లలు అరిచేది షీబా పేరే. ఆ పిల్ల వెళితే ఒక పట్టాన రాదు. ఒకరోజు వెళుతూ చున్నీలో ఏదో మూటకట్టుకోవడం కూడా సవరయ్య కంటబడింది. ‘నేను నడిచిన దారే ఇది’ అనుకున్నాడు.

తోట కౌలుకు తీసుకున్న నూజివీడు షావుకారు వీరభద్రరావు ఆ వారమే వచ్చి, కింది కొమ్మల్లో కాయలు దొంగతనంగా పోతున్నాయన్నాడు. పేట పిల్ల ఎవరో చెట్లలో తిరుగుతోందట కదా అని అడిగాడు. అదే నిజమైతే ఆ ఇంటివాళ్ళెవరూ ఇక షెడ్డు గడప తొక్కరని తేల్చేశాడు. రిబ్కమ్మకు భర్త లేడు. ఏడాది తిండికి ఆధారం ఈ రెండు నెలల పనే. సవరయ్య అవునని అనలేదు, కాదనీ అనలేదు. మూడు రోజులు ఆ పిల్ల నీడనే చూస్తూ కూర్చున్నాడు.

నాలుగో రోజు షావుకారు ఉండగానే, ఆ ఊళ్ళోనే ఉండి చదువుకుంటున్న అతని మనవడు కార్తీక్ కొట్టిన బంతి చెట్లలోకి పోయింది. షీబా పరుగెత్తింది. ఎంతకీ రాలేదు. షావుకారు కళ్ళతోనే సైగ చేశాడు. ఇద్దరూ వెనకే వెళ్ళారు.

దూరంగా ఒక పెద్ద చెట్టు. మొదలుకు సున్నం పట్టీ. షీబా చున్నీలోంచి రాలిన పిందె ఒకటి తీసి, పరుగున వచ్చి, చెయ్యి పైకి తిప్పి విసిరింది. పిందె సున్నం మీద తగిలి చితికింది. ఇంకొకటీ అక్కడే తగిలింది. ఆ చోట సున్నం ఊడి, కాయంత పచ్చమచ్చ పడింది.

“ఏంటే ఇది?” అన్నాడు సవరయ్య.

పిల్ల చున్నీ విప్పి చూపించింది. “రాలినవే తాతా. చెట్టువి ముట్టలేదు.”

“బంతి దొరకలేదా?”

“ఎప్పుడో దొరికింది. ఇచ్చేస్తే మళ్ళీ బౌండరీ దగ్గర నిలబెడతారు. వాళ్ళు నాకు బౌలింగ్ ఇవ్వరుగా. ఈ చెట్టయితే నీ వంతు కాదు పో అనదు.”

ఇంతలో బంతి కోసం కార్తీక్, అతని స్నేహితుడు హరీష్ వచ్చి, చెట్టు మీది మచ్చను వింతగా చూశారు. సవరయ్య వాళ్ళ మొహాలు చూసి అలాగే ఉండిపోయాడు. తోటల్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. చెట్టు మీది కాయ తుంచి అక్కడికక్కడే కొరికితే ముచిక దగ్గరి సొన పెదవిని కాలుస్తుంది. ఇద్దరి పెదవుల పక్కనా నల్లటి సొన పుళ్ళు. నాలుగు రోజులుగా అవి అతని కళ్ళ ముందే తిరుగుతున్నాయి. షీబా పెదవుల మీద ఏ మచ్చా లేదు.

“బాబుగారూ, మనవడి మూతి చూడండి,” అన్నాడు నెమ్మదిగా.

షావుకారు చూశాడు. నవ్వేశాడు. “పోనీలేవయ్యా. పిల్లలు. ఆడుకుంటూ ఒక కాయ కొరికితే ఏమైంది?”

“ఇందాకటిదాకా దాన్ని దొంగతనం అన్నారండీ.”

షావుకారు నవ్వు ఆగిపోయింది. సవరయ్య తల దించుకున్నాడు. “మిమ్మల్నే అనట్లేదు. దొంగతనం చేసింది నేను, నలభై ఏళ్ల కిందట. ఆ కళ్ళతోనే ఈ పిల్లను చూశాను. మా పేట పిల్లే, అయినా అలాగే చూశాను.”

 షావుకారు షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు. రిబ్కమ్మ మరునాడు ఎప్పటిలాగే పనికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం సవరయ్య పిచ్ మధ్యకు నడిచి కొత్త షరతు పెట్టాడు. ఎవరు కొట్టిన బంతి వాళ్ళే తెచ్చుకోవాలి, బౌలింగ్ అందరికీ వంతులవారీగా రావాలి, ఇష్టంలేనివాళ్ళు వేరే తోట చూసుకోవచ్చు. పిల్లలు సణిగారు గానీ కదల్లేదు.

షీబా వేసిన మూడో బంతికే కార్తీక్ వికెట్ ఎగిరిపోయింది.

“అది చెట్టనుకుంది నన్ను,” అన్నాడు కార్తీక్, పడ్డ పుల్లలు ఏరుకుంటూ.

అయ్యలారా, అమ్మలారా, కాయ పోయినప్పుడల్లా మన మెడ అలవాటుగా ఒక పేట వైపే తిరుగుతుంది. దొంగను పట్టేముందు ఆ అలవాటును పట్టుకుందాం.

దయామణి, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది రెడ్డిగూడెంలో, మా చెల్లెలి దగ్గర.