కట్టు కావలి

ఊరికి గత్తర, అదే కలరా, తగిలితే కట్టు కడతారు. పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన పొలి అన్నం చల్లి, బాటకు అడ్డంగా వేపమండల తోరణం బిగిస్తారు. ఇక మర్నాడు పొద్దు పొడిచేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. తోరణం దగ్గర కర్ర పట్టుకొని కావలి ఉండేవాడికి పెళ్ళాం ఉండకూడదు. అమ్మవారు ఎదురొచ్చి ఏదన్నా ఇమ్మంటే వాడి దగ్గర ఇవ్వడానికేమీ ఉండదని పెద్దల లెక్క.

ఇదివరకు ఆ కర్ర ఐలన్నది. ఐలన్న ముసలితనంతో పోయాడు. కరువుకు వెనకే గత్తర వచ్చిన ఆ డెబ్భైమూడు ఎండాకాలంలో కర్ర సంగయ్య అరుగు మీదికి వచ్చింది.

"పటేల్ పంపిండు," అన్నాడు సుంకరి కొమురయ్య. "ఊర్ల నీకంటె ఎవలున్నరు సంగన్నా?"

"అవ్. నన్ను గిట్ల చేసినోనికి ఎరికే గద. వస్తున్న అని చెప్పు."

పటేల్ అంటే పెద్దరాములు. తొమ్మిదేళ్ళ కింద ఇలాగే కట్టు పడిన రోజు సంగయ్య భార్య మల్లమ్మకు గత్తర తగిలింది. సంగయ్య ఆమెను బండిలో వేసుకొని పొలిమేరకు వచ్చాడు. ఐలన్న పక్కకు జరిగేవాడే. పెద్దరాములు పరుగున వచ్చి ఎద్దు ముకుతాడు పట్టుకున్నాడు. "ఒక్క ఆడిదాని కోసం ఊరంత నాశనం చేస్తవా?" అన్నాడు. సంగయ్య కాళ్ళు పట్టుకున్నాడు. పొద్దు నడినెత్తికి రాకముందే మల్లమ్మ బండిలోనే పోయింది. అప్పటికి ఎద్దుల మెడ మీద కాడి కూడా దించలేదు.

ఆనాటి నుంచి సంగయ్య పెద్దరాములుతో మాట్లాడలేదు. ఆయన కూచున్న చోట కూచోలేదు. మారుమనువు చేసుకోలేదు. కర్ర ఎందుకు తీసుకున్నావని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడు. ఆ బండి ఎప్పటికైనా మళ్ళీ వస్తుందని, అప్పుడు తాను అక్కడ ఉండాలని.

పొద్దెక్కుతుండగా లక్డారం వైపు నుంచి ఇద్దరు వచ్చారు. సైకిల్ వెనక బ్లీచింగ్ పౌడర్ మూట, మందుల పెట్టె కట్టుకొని కాంపౌండర్ యాదన్న, గొడుగు పట్టుకొని నర్సు హైమావతి. ఆమె గుడివాడ వైపు మనిషి. మొగుడు రామచంద్రాపురంలో సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు.

"ఆగమ్మా. కట్టు పడ్డది," అన్నాడు సంగయ్య.

"కట్టేంటండీ?"

"లోపలికి రావద్దు. రేపు రా."

"నిన్న ముగ్గురు పోయారటగా మీ ఊళ్ళో. బావిలో పౌడరు వెయ్యాలి, అందరికీ సూదులు వెయ్యాలి. రేపటికి ఎంతమంది మిగులుతారో మీరు చెప్పగలరా?"

సంగయ్య తోరణం ముడి ఇంకాస్త బిగించాడు.

"వీళ్ళు వినరమ్మా," అన్నాడు యాదన్న. "భానూర్ పోదాం. ఆడన్న జల్దీ పని అయితది."

"నువ్వెళ్ళు. మూట, పెట్టె ఇక్కడ దించేసి వెళ్ళు. నేను కూర్చుంటా."

తోరణానికి అవతల పది అడుగుల దూరంలో ఒక తుమ్మచెట్టు ఉంది. నీడ కూడా సరిగా లేదు. ఆమె దాని కింద పెట్టె వేసుకొని కూచుంది. సీసాలోంచి కాచిన నీళ్ళు ఒక గుక్క తాగింది.

"మీ బావికి మెట్లున్నాయి కదండీ బాబాయ్ గారూ? అందరూ నీళ్ళలో దిగే ముంచుకుంటారా?"

"మెట్లబాయి. దిగకుంటే నీళ్ళెట్ల వస్తయ్?"

"ఈ కరువుకి ఎంత లోతున్నాయి?"

"మోకాలు బంటి."

"ఆ మోకాలు లోతులోనే ఊరందరి కాళ్ళూ, బిందెలూ. అమ్మవారెక్కడి నుంచో రాలేదండీ. మీ బావిలోనే ఉంది."

సంగయ్య కర్ర కొనతో మట్టిలో గీత గీశాడు. కొంతసేపటికి ఆమె మళ్ళీ అడిగింది.

"మీ ఆవిడ లోపలున్నారా?"

"లేదు. గత్తరకే పోయింది. గిదే జాగల."

ఆమె గొడుగు దించి అతని వైపు చూసింది.

"మరి మీరు కర్ర పట్టుకు నిలబడ్డారేంటండీ?"

"పెండ్లాం లేనోడే నిలబడాలె."

"బాగుందండీ. పెళ్ళాన్ని పోగొట్టుకున్నవాడు నిలబడి ఇంకొకడి పెళ్ళాన్ని పోగొడతాడన్నమాట."

"మీ ఆంధ్రోళ్ళకు నోరు జాస్తి."

"అవునండీ. మా ఆయన కూడా అదే అంటాడు."

సంగయ్యకు నవ్వు రాలేదు. కానీ ఆమెను అక్కడినుంచి లేవమని కూడా అనలేదు.

మధ్యాహ్నానికి ఊరి వైపు నుంచి బండి చప్పుడు వినిపించింది. జీతగాళ్ళెవరూ కట్టు దాటడానికి ఒప్పుకోలేదేమో, పెద్దరాములు స్వయంగా తోలుకొస్తున్నాడు. తలపాగా లేదు. వెనక గడ్డి మీద చిన్న కోడలు పుష్పమ్మ. ఆమె మొగుడు పటాన్‌చెరులో షిఫ్టుకు పోయి, కట్టు పడిందని తిరిగి రాలేక అక్కడే ఉండిపోయాడు.

"తోరణం ఇప్పు సంగా. కోడలికి పొద్దున్నుంచి ఆగకుంట బేదులు పోతున్నయ్."

సంగయ్య కర్రను అడ్డం పెట్టాడు.

"ఒక్క ఆడిదాని కోసం ఊరంత నాశనం చేస్తవా పటేలా?"

తొమ్మిదేళ్ళలో ఆయనతో అన్న మొదటి మాట అది. ఒక్క అక్షరం పోకుండా దాచుకున్నాడు.

పెద్దరాములు ముఖం మాడిపోయింది. బండి దిగాడు. "నీ కాళ్ళు మొక్కుత సంగా."

"నేను గూడ మొక్కిన."

ఈ బండిని సంగయ్య ఎన్నోసార్లు మనసులో చూసుకున్నాడు. అందులో పెద్దరాములు ముఖమే కనపడేది. వెనక ఎవరు పడుకొని ఉంటారో ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు బండి పక్క నుంచి ఒక చెయ్యి వేలాడుతోంది. వేళ్ళ కొనలు రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడ్డాయి. మల్లమ్మవీ అట్లాగే అయ్యాయి. "నీళ్ళు," అంది పుష్పమ్మ. గొంతు పెగలలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

ఇంతలో హైమావతి పెట్టె పట్టుకొని తోరణం కిందనుంచి వంగి లోపలికి వచ్చేసింది.

"మీ పంచాయితీ తర్వాత చూసుకోండి," అంటూ బండెక్కింది. పుష్పమ్మ చెయ్యి తడిమి, సూది గుచ్చి, సెలైన్ సీసాను సంగయ్య వైపు చాపింది. "కర్ర అవతల పారేసి ఇది పట్టుకోండి. ఎత్తి పట్టుకోవాలి."

సంగయ్య కదల్లేదు. కావలివాడుగా ఆమెను దింపి బయటికి తోలొచ్చు. ఊరు తప్పనదు. బండిని పొద్దు వాలేదాకా ఇక్కడే నిలపొచ్చు. అంతసేపు కూడా అక్కర్లేదు.

"చెయ్యి లాగుతోంది బాబాయ్ గారూ."

సంగయ్య కర్రను కంపలోకి విసిరేశాడు. బండెక్కి సీసా అందుకున్నాడు. తరవాత పెద్దరాములు వైపు తిరిగాడు.

"తోరణం నేనిప్ప. కట్టిచ్చినోనివి నువ్వు. నువ్వే తెంపు."

పెద్దరాములు తోరణం తాడు పట్టి లాగాడు. ముడి ఊడలేదు. పంటితో కొరికి తెంపాడు. వేపమండలు దుమ్ములో పడ్డాయి, వాటి మీదుగా ఎద్దులు నడిచాయి. అప్పటికే పొలాల గట్ల మీద జనం చేరి చూస్తున్నారు. హైమావతి మూట వైపు చెయ్యి చూపించి వాళ్ళలో ముందున్న కొమురయ్యను కేకేసింది. "కట్టు తెగింది కదా, ఇంకేంటి? మూట బావి దగ్గరికి చేర్చు. సాయంత్రం వస్తా. అప్పటిదాకా ఎవరూ ఆ నీళ్ళు ముట్టొద్దు."

కొమురయ్య సంగయ్య వైపు చూశాడు. సంగయ్య తల ఊపాడు.

లక్డారం దాటేసరికి మొదటి సీసా అయిపోయింది. రెండోది సగానికి వచ్చాక హైమావతి మణికట్టు పట్టుకొని చాలాసేపు చూసింది. "నాడి అందుతోంది," అంది. పుష్పమ్మ కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది.

"ఇంక ఎన్ని పడతయ్?" అన్నాడు సంగయ్య.

"ఇంకో రెండో మూడో. ఆస్పత్రిలో ఉంటాయి."

బండి కొంతదూరం నడిచింది.

"మల్లమ్మకు ఎన్ని పట్టేవి?"

"నేను ఆమెను చూడలేదు కదండీ."

"గీ పిల్ల లెక్కనే ఉండె."

"అయితే ఇన్నే. నాలుగో అయిదో."

"అప్పట్ల ఉండెనా ఇది?"

"ఉండేదండీ."

ముందర పెద్దరాములు చేతిలో ముల్లుకర్ర ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద చెమట కారుతోంది.

"సంగా..." అన్నాడు.

"బండి తోలు," అన్నాడు సంగయ్య.

చెయ్యి గుంజుతోంది. సీసాను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. కిందికి మాత్రం దించలేదు.