ఆరున్నర గారి రెండు నిమిషాలు

నన్ను ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆరున్నర గారూ అంటారు. ఇరవై రెండేళ్లుగా సాయంత్రం ఆరున్నరకి లోకల్ ఛానల్లో వార్తలు చదువుతున్నాను కాబట్టి ఆ పేరు వచ్చింది. మందుల షాపులో అదే, క్షవరం చేసేవాడి దగ్గరా అదే. ఒకసారి బ్యాంకులో ఫారం నింపుతుంటే గుమస్తా "ఆరున్నర గారూ, ఇక్కడ మాత్రం అసలు పేరు రాయాలండీ" అన్నాడు. మా ఆవిడకి కోపం వస్తే "ఇది ఇల్లండీ, స్టూడియో కాదు. గొంతు తగ్గించండి" అంటుంది. నాకు మాత్రం ఆ పేరంటే చచ్చేంత ఇష్టం. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే ఈ గొడవంతా ఆ ఇష్టం చుట్టూనే తిరిగింది.

ఛానల్‌కి రాకముందు నేను బస్టాండులో మైకు ముందు కూర్చునేవాణ్ణి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పడం నా పని. నంబరు తప్పు చెప్పానంటే అద్దం అవతల జనం సంచులు, పిల్లల్ని లాక్కుంటూ అటు పరిగెత్తేవాళ్లు. అది కళ్లారా కనబడేది. వెంటనే మైకు నొక్కి "దయచేసి గమనించండి, ముందు చెప్పింది పొరపాటు" అని సరైన నంబరు చెప్పేవాణ్ణి. సిగ్గుపడడానికి టైమెక్కడిది? అవతల ఓ పెద్దావిడ బస్సు తప్పిపోతుంటే నా సిగ్గు ఎవడిక్కావాలి! ఛానల్లో చేరాక మాత్రం ఆ వాక్యం మళ్లీ నా నోట రాలేదు. కెమెరా ముందు కూర్చుంటే ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో కనబడదు.

ఎనిమిదేళ్ల కిందట బులెటిన్ చివర ఐదు నిమిషాలు నాకే వదిలేశారు. ఆ కార్యక్రమం పేరు "సూటిగా". పూడిక తీయని కాలువలు, ఆసుపత్రిలో చాలని మంచాలు, కరెంటు కోతలు, దేనిమీదైనా సరే నా అభిప్రాయం చెప్పాలి. మొదట్లో తెలిసినవాటి మీదే చెప్పేవాణ్ణి. పోనుపోను తెలియనివాటి మీద కూడా అంతే గట్టిగా చెప్పడం అలవాటైపోయింది. జనం చప్పట్లు కొడుతుంటే ఎవడు ఊరుకుంటాడు చెప్పండి!

నాలుగు నెలల కిందట ఓ సాయంత్రం, బడి నుంచి పిల్లల్ని ఇళ్లకి తీసుకెళ్తున్న బస్సు నీళ్ల ట్యాంకు పక్క వాలు దిగుతూ గోడని గుద్దేసింది. దేవుడి దయవల్ల ఎవరి ప్రాణాలూ పోలేదు. ఎనిమిది మంది పిల్లలకి దెబ్బలు తగిలాయి, డ్రైవరుకి కాలు విరిగింది. మేం బులెటిన్ మొదలుపెట్టేసరికి మా విలేఖరి అక్కడికి చేరుకున్నాడు. నేను "అక్కడి పరిస్థితి ఏమిటి?" అని అడిగాను. తెరమీద అతని పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. లైన్ పోయింది.

చెవిలో డైరెక్టరమ్మ గొంతు వినబడింది. ఆమె పన్నెండేళ్లుగా కంట్రోల్ రూమ్‌లో కూర్చుని నా చెవిలో మాట్లాడుతోంది. మా ఆవిడకన్నా ఆవిడ మాటే ఎక్కువ విన్నానని ఇంట్లో ఓ పాత జోకు కూడా ఉంది.

"అన్నా, లైన్ కలపడానికి రెండు నిమిషాలు పడుతుంది. లాగండి."

లాగడం మా పనిలో పెద్ద విద్య. తెర ఖాళీగా ఉండకూడదు, నోరు ఆగకూడదు, కంగారు మొహంలో కనబడకూడదు. ఉన్న నాలుగు ముక్కలూ అటు తిప్పి ఇటు తిప్పి చెప్పాను. ఇంకా నిమిషం మిగిలింది. ఇలాంటి ప్రమాదాల వార్తలు ఓ వంద చదివి ఉంటాను, వాటిలో సగంపైన డ్రైవర్ కునుకు తీసినవే. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అందుతున్న సమాచారం ప్రకారం, ప్రమాద సమయంలో డ్రైవర్ నిద్రమత్తులో ఉన్నాడు" అన్నాను. ఆ వాక్యం పట్టుకుని తక్కిన నిమిషం హాయిగా లాగేశాను. డైరెక్టరమ్మ "సూపర్ అన్నా" అంది.

ఇంటికెళ్లి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడి అడిగింది.

"ఆ సమాచారం మీకు ఎవరందించారు?"

"తిండి తిననివ్వవా?"

"తినండి. ఎవరందించారో చెప్పి తినండి."

నేను కంచం ముందుకి జరిపాను. ఆవిడ వడ్డించి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, నా వాక్యాన్నే నేను నమ్మేసి "సూటిగా"లో ఐదు నిమిషాలూ ఆ డ్రైవర్ని కడిగేశాను. "కునుకు తీసే చేతుల్లో మన పిల్లల్ని పెడుతున్నాం" అన్నాను. ఆ ముక్క ఊరంతా ఫోన్లలో తిరిగింది. బజారులో ఓ తల్లి నా చేయి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను పొంగిపోయాను.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఓ అమ్మాయి ఆఫీసుకి వచ్చింది. కళ్లద్దాల షాపులో పనిచేస్తుందట, భోజనం టైములో వచ్చానంది. ఆ డ్రైవర్ కూతురు. విచారణ రిపోర్టు నకలు నా బల్లమీద పెట్టింది. బ్రేకు గొట్టం పగిలిపోయింది. డ్రైవర్ మెలకువగానే ఉన్నాడు. కింద సంత జనంతో కిటకిటలాడుతోందని తెలిసి, కావాలనే బస్సుని గోడవైపు, అదీ తనవైపు తగిలేలా తిప్పాడు. అదంతా బస్సులో వెనక కూర్చున్న టీచరమ్మ చెప్పింది, గోడమీద గీతలూ చెప్పాయి.

"కేసు వేస్తానని రాలేదండీ," అంది అమ్మాయి. "ఆ రోజు ఎంత గట్టిగా చెప్పారో, అంత గట్టిగా ఇంకోసారి చెప్పండి. నాన్న నిద్రపోలేదని. అంతే."

"బడివాళ్లు ఏమంటున్నారమ్మా?"

"హెడ్మాస్టరు గారు నాన్నని మళ్లీ పనిలోకి తీసుకుంటాననే అంటున్నారు. పిల్లల అమ్మానాన్నలే ఒప్పుకోవట్లేదు. వాళ్లలో సగంమంది మా వీధివాళ్లేనండీ. ఈ కాగితం చూపిస్తే, కాగితాలు ఎవరైనా పుట్టిస్తారమ్మా, ఆరున్నర గారే చెప్పారు కదా, అంటున్నారు. వచ్చే సోమవారం పొద్దున మీటింగు. ఆ రోజు కూడా కాదంటే వేరే డ్రైవర్ని పెట్టేసుకుంటారు."

సిగ్గు విడిచి చెబుతున్నాను. "ఆరున్నర గారే చెప్పారు కదా" అన్న మాట చెవిన పడగానే నాకు మొదట కలిగింది గర్వం. తల కొట్టేసినట్టయింది ఆ తర్వాత. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. "చెబుతానమ్మా, తప్పకుండా చెబుతాను" అని పంపించాను.

మా ఛానల్ చైర్మన్ గది తలుపు తోసేసరికి ఆయన మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. విషయం విని, నీళ్ల మగ్గు కింద పెట్టి, నన్ను కూర్చోమన్నాడు.

"రిపోర్టు వచ్చినరోజు కింద స్క్రోలింగులో వేశాం కదయ్యా."

"నేనే చూడలేదు, ఇంకెవరు చూశారండీ?"

"చూడు. జనం మనల్ని కాదు, నీ మొహాన్ని నమ్ముతారు. ఆ మొహం ఒక్కసారి తప్పయిందని చెబితే, ఇరవై రెండేళ్లుగా చెప్పిందాంట్లో ఇంకెన్ని తప్పులున్నాయో అని వెతుకుతారు. పాపం ఆ డ్రైవరు మంచివాడే, కాదనను. ఛానల్ తరఫున చిన్న సాయం ఏదైనా చేద్దాం. తెరమీద మాత్రం వద్దు. నీ మంచికే చెబుతున్నా."

ఆయన మీద ఒళ్లు మండిందని రాసుకుంటే బాగుండును. మండలేదు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది. ఆ రాత్రి మా ఆవిడకి రిపోర్టు సంగతి, ఆయన మాట చెప్పి ఊరుకున్నాను. బుధవారం చదివాను, గురువారం చదివాను, శుక్రవారం "సూటిగా"లో వీధి దీపాల గురించి చెలరేగిపోయాను. ఆ అమ్మాయి ఫోన్ రెండుసార్లు మోగితే ఎత్తలేదు. శనివారం పక్క సందులోంచి ఆఫీసుకెళ్లాను, కళ్లద్దాల షాపు ముందునుంచి వెళ్లడానికి మొహం చెల్లక.

ఆదివారం మధ్యాహ్నం నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే మా ఆవిడ వచ్చి ప్లగ్గు పీకేసింది.

"ఆ పిల్ల మనింటికొచ్చింది పొద్దున. మీరు బాత్రూంలో ఉన్నారు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. ఆరున్నర గారు ఉన్నారా అంది. ఉన్నారు కానీ లేరమ్మా అన్నాను." "ఇరవై రెండేళ్లుగా మీరు తెరమీద కనబడగానే నేను చేస్తున్న పని ఆపి చూస్తానండీ. ఈ నాలుగు రోజులూ టీవీ కట్టేశాను. మీరు గమనించను కూడా లేదు."

నాకు ఏడుపొచ్చింది. ముడతల చొక్కానే తొడుక్కుని వెళ్లాను.

ఆ సాయంత్రం వార్తలు మామూలుగా చదివాను. "సూటిగా" బొమ్మ పడింది. ప్రాంప్టర్‌లో చెత్తకుండీల గురించి అక్షరాలు కదులుతున్నాయి. నేను చూపు దానిమీంచి తీసేసి, కెమెరాలోకి నేరుగా చూశాను.

"నాలుగు నెలల కిందట, ఇదే కుర్చీలో కూర్చుని, ఒక బస్సు డ్రైవర్ గురించి నేను..."

"అన్నా, ఏంటిది?" చెవిలో డైరెక్టరమ్మ. "అన్నా, వద్దు. చైర్మన్ గారు నా పక్కనే నిలబడ్డారు. అన్నా, ప్లీజ్..."

కెమెరా మీద ఎర్ర లైటు ఆరిపోయింది. నాకు అర్థమైంది, ప్రకటనల్లోకి వెళ్లిపోయారు. అయినా నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ తెలీదు. బ్రేకు గొట్టం దగ్గర్నుంచి గోడ దాకా, గోడ దగ్గర్నుంచి నా అబద్ధం దాకా మొత్తం చెప్పాను. కెమెరా అతను హెడ్‌ఫోన్ తీసేసి, చేతులు కట్టుకుని విన్నాడు. చెప్పడం అయ్యాక చెవిలో డైరెక్టరమ్మ మెల్లగా అంది.

"నేను విన్నానన్నా. ఇంకెవరూ వినలేదు."

నేను ఇయర్‌పీస్ పీకి బల్లమీద పెట్టి, మొహం మీద పౌడరు కూడా తుడుచుకోకుండా బయటికొచ్చేశాను. సోమవారం మీటింగుకి ఇంక ఒక్క రాత్రే మిగిలింది.

డ్రైవర్ ఇల్లు పొడుగాటి వీధిలో నాలుగోది. కూతురు తలుపు తీసి పక్కకి జరిగింది. ఆయన మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. గోడకి ఆనించిన కర్ర, ఎదురుగా టీవీ.

"చూశామండీ," అన్నాడు. "మీరు నోరు తెరిచారు. సబ్బు ప్రకటన వచ్చింది."

నవ్వడానికే అన్నాడు, కానీ ముగ్గురిలో ఎవరికీ నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్లుగా మాటలు అమ్ముకుని బతికినవాణ్ణి, ఆ మంచం ముందు నాకు దొరికినవి రెండే మాటలు. "మీరు నిద్రపోలేదు" అన్నాను.

"ఆ సంగతి నాకు తెలుసు కదండీ," అన్నాడు ఆయన. "మీకు గుర్తుండదు గానీ, నేను అప్పట్లో బస్టాండులో బండి నడిపేవాణ్ణి. మైకులో మీ గొంతు రోజూ వినేవాణ్ణి. తప్పు చెబితే వెంటనే దిద్దేవారు. మేం డ్రైవర్లం అనుకునేవాళ్లం, ఈయన నిజాయితీపరుడురా అని. అందుకే ఆ రోజు మీరు నిద్రపోయాడన్నప్పుడు, ఆసుపత్రిలో పడుకుని, నిజంగానే రెప్ప వాల్చానేమో అని ఒక్క క్షణం నామీద నాకే అనుమానం వచ్చిందండీ."

ఆయన కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి.

"నాకు చెబితే ఏం లాభమండీ," అన్నాడు ఆయన, కిటికీలోంచి వీధివైపు చూపిస్తూ. "వాళ్లకి చెప్పండి."

ఆ బస్సులో తిరిగే పిల్లల ఇళ్లు ఆ వీధిలోనే పదకొండు ఉన్నాయి. అమ్మాయి రిపోర్టు తీసుకుని నా వెనక నడిచింది. మొదటి తలుపు కొట్టాను. బనీను మీదున్న ఒక మనిషి తలుపు తీసి, నన్ను చూసి ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

"ఆరున్నర గారా! మా ఇంటికా! ఏమేవ్, ఎవరొచ్చారో చూడు! రండి సార్, లోపలికి రండి, కూర్చోండి."

ప్రాంప్టర్ లేదు, చెవిలో ఎవరూ లేరు. బస్టాండు వదిలాక ఇన్నేళ్లుగా నోట రాని మాట వెతుక్కుని పైకి తీశాను.

"దయచేసి గమనించండి," అన్నాను. ఆయన నవ్వాడు, తెరమీద మాట్లాడినట్టు మాట్లాడుతున్నాననుకుని. "ముందు చెప్పింది పొరపాటు. ఈ అమ్మాయి వాళ్ల నాన్న నిద్రపోలేదు. మన పిల్లల్ని కాపాడాడు. నిద్రపోయాడని నాకెవరూ చెప్పలేదు. నేనే పుట్టించాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. అమ్మాయి చేతిలోని కాగితం తీసుకుని, గుమ్మం దగ్గర దీపం కింద నిలబడి, ఈసారి చివరిదాకా చదివాడు. తలెత్తి నావైపు చూశాడు.

"మరి అప్పుడు అంత గట్టిగా ఎలా చెప్పారండీ?"

"రెండు నిమిషాలు ఖాళీగా ఉన్నాయి," అన్నాను. "నింపాలి."

ఆయన కాగితం మడిచాడు. ఆ తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "రేపు మీటింగులో నేను మాట్లాడతానమ్మా. నాన్నకి చెప్పు" అన్నాడు. ఆమె ఏడ్చేసింది. ఆయన తలుపు వేసేశాడు. కూర్చోమని మళ్లీ అనలేదు.

లోపల్నుంచి వాళ్లావిడ గొంతు వినబడింది. "ఎవరండీ వచ్చింది?"

"ఎవరూ కాదు. ఆ టీవీలో వార్తలు చదివేవాడు."

నేను మెట్లు దిగి పక్కింటి తలుపు కొట్టాను.