గాల్లోకి లేచిన కుర్చీ కాళ్ళు

మా అమ్మాయి కంప్యూటర్ క్లాసులో చేసిన కుర్చీ బొమ్మని గోడంత తెర మీద వేసి, "ఇది కుర్చీనా, చచ్చిన సాలెపురుగా?" అని మాస్టారు ముప్పైమంది చేత నవ్వించాడట. ఆ మాట విన్నప్పుడే అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"ఇవాళ పన్నెండింటికల్లా సరిచేసి చూపించకపోతే బ్యాచ్‌లోంచి తీసేస్తారట. తీసేయనీ! నాన్న కొట్లో కూర్చుని చెక్కలకు గరుకు కాగితం రుద్దుకుంటా" అంటూ కంచం ముట్టకుండానే వెళ్ళిపోయింది.

ఫోన్ చేస్తే ఎత్తదు. అప్పుడే తీసేశారనుకున్నాను. రోడ్డు మీద ఏడుస్తూ నడుస్తోందనుకున్నాను. వెనకనుంచి లారీ వస్తోందనుకున్నాను. ఇంట్లో కాలు నిలవక, కింద కొట్లో పని చేసుకుంటున్న మా ఆయన దగ్గరికి దిగాను. ఆయన వడ్రంగి. కుర్చీ కాలొకటి బెజ్జంలో కూర్చోబెట్టి, చెక్క అందమైన వైపు బయటికి వచ్చేదాకా నిదానంగా తిప్పుతున్నాడు.

"అదే నేర్చుకుంటుందిలే. నువ్వెళ్ళి రభస చెయ్యకు" అన్నాడు తలెత్తకుండా.

"మీకేం! మీ చెవుల్లో కూడా రంపప్పొట్టే ఉంది" అని బయల్దేరాను.

వాళ్ళ క్లాసు మూడో అంతస్తులో. మెట్లెక్కేసరికి ఊపిరాడలేదు, కోపం మాత్రం తగ్గలేదు. తలుపు తోశాను. మా పిల్ల చివరి వరసలో బతికే ఉంది. నన్ను చూసి మొహం చేతుల్లో దాచుకుంది. దాని తెర మీద కుర్చీ కూర్చునే పలక ఒక చోట, కాళ్ళు నాలుగూ దాని నెత్తిన గాల్లో ఇంకో చోట.

"అమ్మా, క్లాసు జరుగుతోందండీ" అన్నాడు మాస్టారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా.

"జరగనీ బాబూ. సాలెపురుగని నవ్వావట. తప్పెక్కడుందో చెప్పావా?"

"నోట్సులో ఉందండీ. ముందు ముక్కని సాగదియ్యాలి, తర్వాత తిప్పాలి, ఆఖర్న చోటుకి జరపాలి. మీ అమ్మాయి ముందు జరిపి తర్వాత తిప్పింది."

"అయితే ఏం? వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళుగా అలాగే చేస్తున్నాడు. కాలు బెజ్జంలో పెట్టాకే తిప్పుతాడు. ఇది చిన్నప్పట్నుంచీ పక్కన కూర్చుని ఆ కాళ్ళు పట్టుకుంది. ఆయన కుర్చీ ఒక్కటైనా గాల్లోకి లేచిందా?"

ముప్పైమందీ పగలబడి నవ్వారు. "అమ్మా, నీకు దణ్ణం పెడతా, వెళ్ళిపో" అంది పిల్ల.

"వెళ్ళను. ఎందుకు తప్పో నాకు చెప్పు బాబూ. ఏడో తరగతి చదివినదాన్ని, నాకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే నీకు పాఠం చెప్పడం రానట్టే! ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవరో!"

అతని మొహం కందగడ్డయింది. "ఇక్కడ వస్తువు తన చోట తను తిరగదండీ. దేన్ని తిప్పినా ఈ తెరలోని గది నడిమధ్యని పట్టుకునే తిరుగుతుంది."

నాకు ముక్క అర్థం కాలేదు. కానీ మా పిల్ల చేతుల్లోంచి మొహం తీసింది.

"అంటే... నడిమధ్య మేకు కొట్టి, కాలుని తాడుతో కట్టేసినట్టా? మూలకి జరిపాక తిప్పితే మేకు చుట్టూ గిర్రున ఎగిరిపోతుంది. మేకు దగ్గరే ఉంచి తిప్పి, ఆ తర్వాత జరిపితే..."

"అంతే!" అన్నాడు మాస్టారు.

"ఈ ముక్క మీరు చెప్పలేదు సార్." అంటూ పిల్ల లేచి నిలబడింది. "ఏది ముందో చెప్పారు. ఎందుకో చెప్పలేదు. నిన్న రెండుసార్లు అడిగితే నోట్సు చూసుకోమన్నారు. నవ్వడానికి మాత్రం మీకు తీరికుంది!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అది కుర్చీ కాళ్ళు నాలుగూ తీసేసి మళ్ళీ మొదలెట్టింది. నేను గోడగడియారం చూస్తూ చమటలు కక్కాను. కరెంటు పోతుందేమో, మిషను ఆగిపోతుందేమో! పన్నెండుకు ఆరు నిమిషాలుండగా నాలుగో కాలు కూడా పలక కింద తన మూలలో నిలబడింది. మాస్టారు వంగి చూశాడు, అటూ ఇటూ తిప్పించి చూశాడు, కాగితంలో దాని వరసన టిక్కు పెట్టాడు.

"బ్యాచ్‌లో ఉంటుంది" అన్నాడు నావైపు చూడకుండా. క్షమించమన్న మాట మాత్రం నోట రాలేదు. అందుకోసం ఇంకాస్త నిలబడదామనుకున్నాను. పిల్ల నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"పరువు తీశావు. ఇంకోసారి వస్తే నేనే మానేస్తా, చెప్తున్నా."

"నేను రాకపోతే ఆయన చెప్పేవాడా?"

"నేనే అడిగేదాన్ని!"

"ఎప్పుడు? పన్నెండు కొట్టాకా?"

పళ్ళు కొరికింది. "క్లాసుంది. నువ్వింటికెళ్ళు" అంటూ నా మొహం మీదే తలుపేసుకుంది. లోపల మాస్టారు తర్వాతి పాఠం చెబుతున్నాడు. పిల్ల గొంతు అడ్డం పడింది: "ఎందుకు సార్?"