విడివిడిగా అడగాల్సిన ప్రశ్నలు

భార్యాభర్తలను విడివిడిగా అడగాలి. ఒకరి జవాబు రెండోవారి చెవిన పడకూడదు. సర్వే మేడం పనికి అదే మొదటి కట్టుబాటు. హెచ్‌ఐవి మందులు వాడేవారి కాపురాలు ఎలా సాగుతున్నాయో తెలుసుకోవడానికి, ఆసుపత్రిలో ఓ చిన్న గదిలో కూర్చుని మూడు నెలలుగా ఆమె ఇదే పని చేస్తోంది.

ఆ రోజు ముందు దర్జీ భార్య వచ్చింది. జబ్బు భర్తకే, ఆమెకు లేదు.

"ఇద్దరూ ఆఖరుసారి కలిసింది ఎప్పుడమ్మా?"

"కలవడమా! మంచాల మధ్య కుట్టుమిషన్ అడ్డం పెట్టుకుని పడుకుంటాడు మా ఆయన. మూడేళ్లయింది. నేనేమన్నా దొంగనా మేడం, దోచుకుపోడానికి?" నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే తెగింది. "నా మీద మనసు విరిగిపోయిందండీ. ఒక్కసారి తల మీద చెయ్యేస్తే చాలు నాకు."

ఆమె బయటికి వెళ్లాక దర్జీ వచ్చాడు. అదే ప్రశ్న విని నేలచూపులు చూశాడు.

"అది తల దువ్వుకుంటుంటే కళ్లు మూసుకుంటానండీ. ప్రాణమంతా అటే లాగుతుంది. ఎక్కడ అంటిస్తానోనని భయం."

"మందులు రోజూ వేసుకుంటున్నారుగా? రక్తపరీక్షలో ఏమొచ్చింది?"

"బాగుందన్నారు. బాగుండడమంటే ఏంటో అడగడానికి నోరు రాలేదండీ."

'ఆవిడా మీకోసమే అల్లాడిపోతోందయ్యా' అన్న మాట మేడం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. కాగితం మూసి, "మీ రిపోర్టు నర్సమ్మ చేత చదివిద్దాం. మీ ఆవిణ్ణి కూడా పిలవమంటారా?" అంది.

దర్జీ తలూపాడు. భార్య వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది.

నర్సమ్మ ముక్కుసూటి మనిషి. "ఆర్నెల్ల తేడాతో చేసిన రెండు రక్తపరీక్షల్లోనూ వైరస్ కనపడలేదు. మాత్ర మానకుండా వేసుకుంటూ ఇలాగే ఉన్నంతకాలం, మీరిద్దరూ కలిస్తే ఆమెకు అంటుకోదు. ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా?"

"భయపడ్డానండీ."

దర్జీ భార్య చివాల్న తిరిగింది. "భయమా? కోపం కాదా?"

"నీ మీద కోపమెందుకే?"

ఆమె గోడకేసి చూస్తూ, "ఇంకోసారి చదవండి నర్సమ్మా," అంది.

నర్సమ్మ మళ్లీ చదివింది. అది వింటూ దర్జీ తన కుర్చీని కొంచెం భార్య వైపుకు లాగాడు. గచ్చు మీద కీచుమంది.

మేడం బయటికి నడిచి తలుపు దగ్గరగా వేస్తుంటే, లోపలినుంచి దర్జీ భార్య గొంతు వినిపించింది.

"ఇంకాస్త జరగొచ్చులే."