పదకొండో ప్లాను

పదో ప్లానులో వంటగది తలుపును నాలుగోసారి చెరిపేసరికి కాగితం పలచబడి చిరుగు పట్టింది. రబ్బరు మాస్టారు జారిన కళ్ళద్దాలను మణికట్టుతో పైకి తోసుకుని, రబ్బరు పొట్టును అరచేత్తో బల్ల కిందికి ఊడ్చాడు. ఆ ఇళ్ళ ప్లాన్ల ఆఫీసులో మిగతా అందరూ కంప్యూటర్ మీదే గీస్తారు. మనసు మార్చుకునే కస్టమర్లకి మాత్రం ముందు పెన్సిలు గీతే మంచిదంటుంది యజమానురాలు. అలాంటివాళ్ళంతా ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన బల్ల దగ్గరికే వస్తున్నారు. గీసిందానికన్నా చెరిపింది ఎక్కువని ఆయనకా పేరు.

"ఆ అక్కచెల్లెళ్ళ ఇల్లు ఇవాళైనా తేలుతుందా?" అడిగింది యజమానురాలు.

"తేలదండీ," అన్నాడు చిరిగిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ. "వాళ్ళు తేల్చరు. నన్ను ముంచుతారు."

ఒకే ఇల్లు, మధ్యలో గోడ. మంచాన పడ్డ తల్లిని ఎవరు ఎక్కువ చూశారన్న మాట దగ్గర, ఆమె చనిపోయిన ఏడాదే పుట్టిన గోడ అది. పన్నెండేళ్ళ కిందట దాన్ని కాగితం మీద గీసిందీ మాస్టారే. ఎక్కడ పెట్టమంటారని అడిగితే, "ఎక్కడైనా సరే, దాని మొహం నాకు కనపడకూడదు" అంది అక్క. మీ ఇష్టమండీ అని గీసిచ్చాడు. ఆ మాట ఆయనకి ఊతపదం. అద్దె ఇంటి దగ్గర్నుంచి కూతురి చదువు దాకా అదే అన్నాడు. ఆస్పత్రిలో నర్సుగా చేసే భార్య ఓసారి విసిగిపోయి, "అసలు మీకంటూ ఓ ఇష్టం ఏడ్చిందా?" అని అడిగితే, కూర్చుని నిజంగానే ఆలోచించాడు. ఏదీ తట్టలేదు.

మొన్న వానల్లో అక్క స్నానాలగదిలో జారిపడింది. గోడకి ఇవతల ఉన్న చెల్లెలికి మూలుగు వినిపించింది. వీధిలోంచి చుట్టూ తిరిగి పరిగెత్తితే అక్క తలుపుకి లోపల గడియ. అది పగలగొట్టించేసరికి గంట పట్టింది. ఆ వారమే చెల్లెలు ఆఫీసుకొచ్చింది, గోడ తీయించేయాలని. తీయించడం దాకా ఇద్దరిదీ ఒకే మాట. తీశాక ఏమిటన్నదే మూడు నెలలుగా నలుగుతోంది.

పది గంటలకి మాస్టారు వెళ్ళేసరికి ఇద్దరూ అక్క ముందుగదిలో బల్లకి చెరోవైపు కూర్చుని ఉన్నారు. అక్క బడిపంతులమ్మగా రిటైరైంది. చేతికర్రను ఇప్పటికీ బెత్తంలాగే పట్టుకుంటుంది. చెల్లెలు టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు కోసేస్తుంది.

"పొయ్యి నా కిటికీ కింద ఉండాలి. వెలుతురు అక్కడే," అంది అక్క.

"గాలి నా వైపు. అయినా వండేది ఎవరు? నువ్వు నిలబడలేవు కదా."

"నిలబడలేనని ఎవరన్నారు?"

"డాక్టరు."

"డాక్టరుకి వంటొచ్చా?"

మాస్టారు వంటగదిని ఐదోసారి కొలవడానికి లేచాడు. కొలతలు మారవని ఆయనకీ తెలుసు. టేపు లాగుతుంటే వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

"గోడ తీసినచోట అలమర పెట్టండి మాస్టారూ. గది పొడుగునా, పైకప్పు దాకా."

"అది గోడ కాక మరేమిటే అక్కా?"

"అలమర."

టేపు చప్పున వెనక్కి చుట్టుకుపోయి వేలికి కొట్టుకుంది. ఆ మంటతోనే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు మాస్టారు.

"అలమరా లేదు, ఏమీ లేదు. గోడ తీసేసి ఆ చోటు ఖాళీగా ఉంచుతాను. పొయ్యి పెద్దావిడ కిటికీ కింద. పక్కన కుర్చీ పట్టేంత జాగా వదులుతాను, కూర్చుని ఎంతసేపైనా సాధించుకోండి. రేపు పొద్దున పనివాళ్ళొస్తారు. ఇంక నన్నేమీ అడక్కండి."

ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఈ ముక్క మొదట్లోనే అనుంటే ఈపాటికి రంగులు కూడా అయిపోయేవి కదా మాస్టారూ."

"ఆ కుర్చీకి చేతులుండాలి," అంది అక్క.

అది ఒప్పుకోవడమేనని మాస్టారికి గుమ్మం దాటాక గానీ వెలగలేదు.

ఆఫీసుకొచ్చి, పనివాళ్ళకి కబురు చెప్పి, భార్యకి ఫోన్ చేశాడు. "ఇవాళ అరిచాను."

"ఎవరిమీద?"

"కస్టమర్ల మీద."

"ఇంటికొచ్చాక నా మీద కూడా ఓసారి అరవండి, వింటాను," అంది ఆవిడ. వార్డులో ఎవరో పిలిస్తే పెట్టేసింది.

మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెడితే పదకొండో ప్లాను గంటన్నరలో అయిపోయింది. ఒక్కసారి కూడా రబ్బరు ముట్టుకోలేదు. అడుగున తేదీ వేస్తుండగా అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. హాజరు పిలిచినంత నిలకడగా ఉంది గొంతు.

"రేపు పనివాళ్ళని రావద్దనండి మాస్టారూ. చెల్లెలు పోయింది. భోంచేసి పడుకుంది, లేవలేదు."

ఎందుకో తెలియకుండానే ప్లానును చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళాడు. డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. ఇరుగుపొరుగు వాకిట్లో నిలబడి గుసగుసలాడుతున్నారు. చెల్లెలి మంచం పక్కన అక్క కూర్చుని ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది.

"నాలుగింటికి టీకి పిలిచాను," అంది ఆయన వైపు చూడకుండా. "గోడ మీద కర్రతో తట్టాను. పలకలేదు. వీధిలోంచి చుట్టూ నడిచొచ్చాను. ఈ కాళ్ళతో ఎంతసేపు పట్టిందో. తలుపు తీసే ఉంది. నేను పడ్డప్పటినుంచీ ఇది గడియ వేయడం మానేసిందట, పక్కింటివాళ్ళు చెప్పారు."

మూడు నెలలు, అనుకున్నాడు మాస్టారు. పది ప్లాన్లు. మొదటిరోజే అరవాల్సింది. చంకలో కాగితం నలుగుతున్నా సర్దుకోలేదు.

"మధ్యాహ్నం టకటకమని కొడుతుంటే క్యాలెండరు తగిలించుకుంటోంది కాబోలు అనుకున్నాను. కాస్త పడుకోనివ్వవే అని అరిచాను కూడా. ఆపేసింది."

మాస్టారు తలతిప్పి చూశాడు. నడుమెత్తులో, పళ్ళెమంత మేర గోడకి పూత ఊడిపోయి ఎర్రటి ఇటుకలు బయటపడి ఉన్నాయి. కింద నేలమీద పొడి.

అక్క కూడా అటు చూసింది. చాలాసేపు చూసింది.

"పనివాళ్ళని రమ్మంటానమ్మా," అన్నాడు మాస్టారు. "రేపు కాకపోతే ఎల్లుండి."

ఆవిడ తలూపింది.

గోడ వారగా వేసిన చిన్న ముక్కాలి పీట మీద మేకులు కొట్టే సుత్తి ఉంది. చేతిలోంచి జారకుండా దాని పిడికి పాత రుమాలు చుట్టి, రెండు ముడులు గట్టిగా వేసి ఉన్నాయి.